మొదటి ఆకు

మా ఆయన అమీర్ బాషా మాంసం మానేశాడన్న సంగతి జమ్మలమడుగులో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. కటిక కొట్టు జమాల్ చెప్పాడు.

"ఏంది షాహీదక్కా, మీ ఆయప్ప పెండ్లిండ్లకు మాంసం కొంటాండాడు గానీ ఇంటికి పొట్లం కట్టొద్దంటాండాడే. తగాదా పడినారా ఏంది?" అని అడిగాడు.

తగాదా లేదు. అప్పటిదాకా లేదు. ఆ మాట విన్నాక ఇంటికెళ్లి మొదలుపెట్టాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత రెండో ఎండాకాలం అది. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా మామ కాలానికే దూది ఏకే విల్లు అటకెక్కి చేతికి గరిట వచ్చింది. ఆయన తర్వాత మా ఆయన. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఎవరింట్లో పెళ్లైనా, ఏ దర్గాలో కందూరు విందైనా, మాంసం వండాలంటే బాషాకే కబురొచ్చేది. పంచె ఎగగట్టి పొయ్యి ముందు నిలబడి, పెద్ద డేగిసా మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని కాసేపు ఆగి "ఇంగ దింపండి" అనేవాడు. ఆ మాట కోసం పెళ్లివాళ్లు ఎదురుచూసేవాళ్లు.

ఆ ఏడు మాఘమాసం పెళ్లిళ్లు ముగిసేసరికి ఆయన కుడికాలి బొటనవేలు వాచింది. చిన్న వంకాయంత అయింది, రంగు కూడా అదే. దుప్పటి తగిలినా కేక పెట్టేవాడు. ఆసుపత్రి డాక్టరు మాత్రలిచ్చి, "నాలుగు పూటలా పొట్టేలు మాంసం తింటే ఇట్లాగే ఉంటుంది. మాంసం తగ్గించు, పాలు తాగు" అన్నాడు. హకీము వచ్చి చెయ్యి పట్టుకుని చూసి వాతం అన్నాడు. పాలు మానమన్నాడు, పాయ సూపు తాగమన్నాడు. ఒకరు తాగమన్నది ఇంకొకరు వద్దన్నారు. ఇద్దరి మాటా విని, ఇద్దరూ ఇచ్చినవీ మింగి, మా ఆయన మంచం మీదే ఉండిపోయాడు.

అప్పుడు ఎవరో ప్రొద్దుటూరు జయరామయ్య పేరు చెప్పారు. గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడే పంతులు ఉద్యోగం చేసి మానేసిన మనిషి. పెన్న ఒడ్డున తోటలో పాక వేసుకుని, రోగులకు పొట్ట మీద తడిమట్టి పెట్టి, పచ్చి కూరలు తినిపిస్తాడు. వాపు కాస్త తగ్గిన రోజుల్లో మా ఆయన నాకు చెప్పకుండా రెండుసార్లు వెళ్లొచ్చాడట. మూడోసారి నేనూ బస్సెక్కాను, ఈ మందులేని వైద్యుడెవరో చూద్దామని.

జయరామయ్య సన్నగా, ఎండు చెరకుగడలాగా ఉన్నాడు. "రండి బాషా గారూ" అని లేచి నిలబడ్డాడు. గరిట పట్టిన నాటి నుంచి మా ఆయన్ని గారూ అన్నవాళ్లు లేరు. ఆ ఒక్క మాటకే సగం జబ్బు దిగిందని నా అనుమానం.

"పాలు దూడవమ్మా" అన్నాడు నాతో. "గుడ్డు కోడిది. తేనె ఈగలది. మనదంటూ ఉన్నది మట్టిలోంచి మొలిచేది ఒక్కటే."

"మా అత్తకు బర్రె ఉండాది గదా సామీ. దాన్నేం చెయ్యమంటారు?"

"దూడను తాగనివ్వండి."

"దూడ తాగినాక మిగిలేది మాదే గదా?"

"మీరు దూడను కట్టేస్తున్నారు కాబట్టి మిగులుతోంది. విప్పి చూడండి, ఎంత మిగులుతుందో."

జవాబు తోచనప్పుడు నాకు కోపం వస్తుంది. తిరుగు బస్సులో ఎర్రటి ఎండలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన మాత్రం పక్కన కీరదోసకాయ నములుతూ ఉన్నాడు.

మరునాటి నుంచి ఇంట్లో రెండు వంటలు. మాకు మామూలు కూడు. ఆయనకు పొద్దున బూడిదగుమ్మడి రసం, మధ్యాహ్నం జొన్నరొట్టె, తాలింపు పెట్టని ఆకుకూర, నానబెట్టిన చెనిక్కాయలు, సాయంత్రం ఏదో ఒక పండు. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి ఏవీ లేవు.

ఊళ్లో దీని మీద పంచాయితీ జరగని అరుగు లేదు. కిరాణా కొట్టు గోవిందరాజులు పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టని శెట్టి. "మాంసం మానినావు బాషా, శానా మంచి పని" అని మెచ్చుకున్నాడు. "నెయ్యి గూడా మానినావంట. అది మాత్రం తప్పప్పా. నెయ్యి లేని కూడు మనిషి తినే కూడేనా?" జమాల్ ఇంకోలా అన్నాడు. "నెయ్యి మానితే మాన్లే మామా. మాంసం మానితే ఒంట్లో నెత్తురు యాడినుంచి వస్తాది?" ఎవరి కొట్లో సరుకు వాళ్లకు అమృతం.

ఏదైతేనేం, రంజాన్ నెల నడిమికి వచ్చేసరికి వేలు మామూలైంది. జయరామయ్య వల్లనో, డాక్టరు మాత్రల వల్లనో, వేలికే విసుగు పుట్టిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఆయనకు మాత్రం అనుమానం లేదు. నిలబడ్డాడు, నడిచాడు, చెప్పు తొడుక్కున్నాడు. అంతా మట్టిలోంచి మొలిచిన దాని మహిమే అన్నాడు.

పండగనాడు నమాజు నుంచి వచ్చి వాళ్లమ్మ ముందు కూర్చున్నాడు. మా అత్త బిస్మిల్లా బీ తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గరే ఉంది. పాలు సగానికి మరిగించి, సేమ్యా, ఖర్జూరం, సారపప్పు వేసి షీర్ ఖుర్మా చేసింది. మొదటి గిన్నె కొడుక్కే. ఎప్పుడూ అంతే.

"వద్దులేమ్మా" అన్నాడాయన.

"పండగనాడు గూడానా?"

"పాలు వద్దని చెప్తి గదమ్మా."

"నా బర్రె పాలురా. నీళ్లచుక్క గూడా పొయ్యలే."

"ఎవరి బర్రెవైనా పాలు పాలేనమ్మా."

"ఎవురో గుంటూరాయన మాట నీకు ఎక్కువాయ. మూడేండ్లు పాలిచ్చి పెంచిన దాన్ని, నేను చెడ్డదాన్నైతి" అంది. గిన్నె తీసుకుని దొడ్లోకి వెళ్లింది. దూడ ముందు పెట్టి, "తాగు. నీవేనంట" అంది.

దూడ మూతి ముంచి, సేమ్యా వదిలేసి పాలన్నీ తాగింది. ఆ రోజంతా అత్త కొంగు కళ్లకు అడ్డం పెట్టుకునే తిరిగింది. ఆయన వసారాలో గోడకు తిరిగి పడుకున్నాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలీ వేసింది. షీర్ ఖుర్మా నేను రెండు గిన్నెలు తాగాను, పారబోయలేక.

పండగ పోగానే పెళ్లిళ్లు మొదలయ్యాయి. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. రుచి చూస్తే ఆయన కాళ్ల మీద నిలబడలేడు, నిలబడాలంటే రుచి చూడకూడదు. వంటవాడికి రెండూ కావాలి.

మొదట నూరుల్లాను చూడమన్నాడు. నూరుల్లా మా ఆయనకు మేనల్లుడు, చేతికింద పనివాడు. పనిమంతుడే కానీ ఎప్పుడూ నోట్లో పొగాకు. పొగాకు నోటికి ఉప్పేం తెలుస్తుంది? ముద్దనూరు పెళ్లిలో "ఇంగా గుప్పెడు పడల్ల మామా" అంటూ రెండుసార్లు వేయించాడు. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఒక ముద్ద తిని మూడు చెంబులు నీళ్లు తాగారు. పెళ్లికూతురు తండ్రి మా ఆయన ముందుకొచ్చి ఏమీ అనకుండా నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

ఆ సిగ్గుతో ప్రొద్దుటూరు పెళ్లిలో తనే చూశాడు. ఒక్క ముక్క, ఒక గరిటె పులుసు. అందరూ భేష్ అన్నారు. మరునాడు మధ్యాహ్నానికి వేలు మళ్లీ వాచింది. జమ్మలమడుగు బస్టాండులో ఇద్దరు మోసుకుని దింపారు.

"ఒక్క ముక్కకు ఇట్ల రాదప్పా" అని డాక్టరు నవ్వాడు. "ఎండలో పొయ్యి ముందు నీళ్లు తాగకుండా నిలబడినావు, అందుకు వచ్చింది."

జయరామయ్య నవ్వలేదు. "ఒక్క ముక్కే అనుకుంటాం బాషా గారూ. ఒంటికి లెక్క తెలుసు" అన్నాడు.

మా ఆయన ఎవరి మాట నమ్మాడో చెప్పక్కర్లేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "ఇంగ ఒక్క మెతుకు గూడా ముట్టను. చేతనైతే వండుతా, లేకుంటే విల్లు దించుకుని దూది ఏకుతా" అన్నాడు. ఆయన గొంతు విని నాకు భయం వేసింది. దూది ఏకించుకునేవాళ్లు ఎవరున్నారు అప్పటికి? మిల్లు పరుపులు వచ్చేశాయి.

"నేను చూస్తాలే" అన్నాను.

ఆడవాళ్లం మేము కూడా పెళ్లిళ్లకు పోయేవాళ్లం. పొయ్యిల పక్కన తడిక కట్టి, దాని వెనక నేను, నూరుల్లా పెళ్లాం రషీదా ఉల్లిగడ్డలు ఒలిచి, మసాలా నూరి ఇచ్చేవాళ్లం. తడిక దాటి వచ్చేవాళ్లం కాదు. ఇక ఆ రోజు నుంచి నూరుల్లా మూతపెట్టిన గిన్నెలో పులుసు తెచ్చి తడిక సందులోంచి ఇచ్చేవాడు. నేను నాలుక మీద వేసుకుని, ఉప్పో కారమో చెప్పేదాన్ని. మొదట ఉప్పు ఒక్కటే. తర్వాత ధనియాలు ఎంత, మంట ఎంత, ఎప్పుడు దింపాలి, అన్నీ నన్నే అడిగేవాడు. వైశాఖం ముగిసేసరికి తడిక ఇవతల నేను వండుతున్నాను, అవతల మా ఆయన గరిట తిప్పుతున్నాడు. ఈ సంగతి మాకు నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. పెళ్లివాళ్లు "బాషా చెయ్యి ఇంకా తిరిగిందే" అనేవాళ్లు. ఆయన తల వంచుకునేవాడు. నాకు కొంచెం గర్వంగానే ఉండేది, లేదనను.

ఆ ఎండాకాలం ఆఖరి వంట పెళ్లిది కాదు, రాజీది.

లింగాల దాటినాక ఒక ఊరు. పేరు చెప్పను, అక్కడ కొట్టుకున్నవాళ్ల పిల్లలు ఇప్పుడు వియ్యంకులు. మూడేళ్ల కిందటి ఎలక్షన్లలో పైవీధి, కిందివీధి చీలిపోయాయి. పైవీధి గురవమ్మ మొగుణ్ణి కళ్లంలో నరికారు. కిందివీధి పెద్ద కొండప్పకు ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయింది. పులివెందుల పెద్దమనుషులు తిరిగి తిరిగి చివరికి ఒప్పించారు. రెండు వీధులూ బడి ముందర ఒకే పందిట్లో, ఒకే పంక్తిలో కూర్చుని తినాలి. తింటే పగ తీరినట్టు. వంట బయటివాళ్లది కావాలి కాబట్టి మాకు కబురు వచ్చింది.

ఇటువంటి రాజీ భోజనాల్లో ఒక ఆనవాయితీ ఉంది. దాన్ని మొదటి ఆకు అంటాం. అందరి కంటే ముందు ఒకే ఒక ఆకు వేస్తారు. వండిన మనిషి రెండు పక్షాల ఎదుటా కూర్చుని అన్నీ తిని లేవాలి. ఎందుకో వేరే చెప్పాలా? పగవాడి పక్కన కూర్చుని తినేవాడికి కూట్లో ఏం కలిపారోనన్న భయం ఉంటుంది. వండినవాడు తిని, లేచి, చెయ్యి కడుక్కుని నిలబడితేనే మిగతా ఆకులు పరుస్తారు. మా మామ తిన్నాడు, మా ఆయన అంతకుముందు రెండుసార్లు తిన్నాడు.

ఆయన ఆ సంగతి మరిచిపోలేదు. నూరుల్లా తింటాడులే అనుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను. నూరుల్లా అత్తగారిల్లు ఆ ఊళ్లోనే, కిందివీధిలో. రషీదా పుట్టిల్లని మేము సంతోషంగా బస్సెక్కాం. మాకది పిల్లనిచ్చిన ఊరు. వాళ్లకు మాత్రం కిందివీధి మనిషంటే కిందివీధి పక్షమే, దూదేకుల అల్లుడైనా సరే. వంటవాళ్లం కదా, గిన్నెలూ గరిటెలూ లెక్కపెట్టుకున్నాం గానీ ఇది మా బుర్రకు తట్టలేదు.

పొద్దు నడినెత్తికి రాకముందే వంట అయిపోయింది. సంగటి, పొట్టేలు పులుసు, వంకాయ. ఒకవైపు పైవీధి, ఒకవైపు కిందివీధి, మధ్యలో పెద్దమనుషులు. గురవమ్మ ఒక్కతే ఆడమనిషి, బల్ల మీద ముందు కూర్చుంది. ఆకు వేశారు. సంగటి ముద్ద పెట్టి, నడిమిన గుంట చేసి నెయ్యి పోశారు. రెండు మాంసం ముక్కలు, పులుసు. పక్కన చెంబుతో మజ్జిగ. జయరామయ్య వద్దన్నవన్నీ ఒకే ఆకులోకి వచ్చాయి.

"మొదటి ఆకుకు రాండప్పా" అని పెద్దమనుషుల్లో ఒకాయన పిలిచాడు.

నూరుల్లా చేతులు తుడుచుకుని వచ్చి కూర్చోబోయాడు.

"నువ్వు లెయ్యప్పా" అంది గురవమ్మ. "నువ్వు కిందీధి అల్లుడివి. నువ్వు తింటే నాకు నమ్మకం లేదు."

"మాకూ అక్కర్లే" అన్నాడు కొండప్ప. "వాడు వంటోడు గాదు, చేతికింద మనిషి. వండినోడే తినల్ల. బాషా, నువ్వు కూసో."

ఆ ఊళ్లో రెండు వీధులూ ఒక మాట మీదికి రావడం అదే మొదలట.

మా ఆయన కదల్లేదు. "కొండప్ప మామా, నేను పథ్యంలో ఉండా. మాంసం, నెయ్యి, మజ్జిగ ముట్టను" అన్నాడు.

"ముట్టవా?"

"మాఘం పోయిన కాడినుంచి ముట్టలే. కాలికి జబ్బు."

వెనకనుంచి ఎవరో గట్టిగా నవ్వారు. "మాంసం తినని వంటోడు మాంసం వండుతాడా యాడన్నా?" ఇంకొకరెవరో, "తిననంటాండాడు, ఎందుకు తినడో అడుగప్పా" అన్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. కూర్చున్న మగవాళ్లు ఒక్కొక్కరే లేచారు. పందిరి చివర గడ్డిబండి ఉంది. ఇద్దరు దాని వైపు నడిచారు. ఆ గడ్డి కింద ఏముంటుందో ఆ సీమలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. పెద్దమనుషులు "ఉండండప్పా, ఉండండి" అంటున్నారు గానీ వినేవాళ్లు లేరు.

మా ఆయన వెళ్లి ఆకు ముందు కూర్చున్నాడు.

నేను తడిక సందులోంచి చూస్తున్నాను. ఆ ముక్క తింటే రేపటికి మంచమెక్కుతానని, ఈసారి ఎక్కితే దిగనని ఆయన నమ్మకం. నాకా నమ్మకం లేదు. తినేస్తే పోతుంది కదా, ఒక్క పూటకు చస్తాడా అని కూడా అనిపించింది. ఆయన చెయ్యి ఆకు మీదికి వచ్చింది. సంగటి తుంచాడు. పులుసులో అద్దాడు. తన కుడికాలి వేపు ఒకసారి చూసుకున్నాడు. ముద్ద మళ్లీ ఆకులో పెట్టి, లేచి, తడిక వైపు తిరిగాడు.

"షాహీదా, రా" అన్నాడు.

పదిమందిలో ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. తలమీద కొంగు సర్దుకుని బయటికి వచ్చాను. చేతికి ఇంకా మసాలా అంటుకుని ఉంది.

"వండిన చెయ్యి ఇది" అన్నాడు అందరితో. "ప్రొద్దుటూరు పెండ్లి అయినాక మేం చేసిన వంటలన్నీ ఈమె చేసినవే. నేను గరిట తిప్పేవాణ్ని, అంతే. వండినోళ్లే తినల్లంటే ఈమే తినల్ల."

ఎవరో "ఆడదాని వంటా!" అన్నారు. ఆయన వినిపించుకోనట్టు పక్కకు జరిగి, నేను కూర్చోవడానికి చోటిచ్చాడు.

కూర్చున్నాను. అంతమంది మగవాళ్లు చుట్టూ నిలబడి చూస్తుంటే ముద్ద దిగుతుందా అనుకున్నాను. దిగింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఆకలి మీదున్నాను. నెయ్యి వేసిన సంగటి తిన్నాను, రెండు ముక్కలూ తిన్నాను, ఎముకలోని మూలుగ కూడా జుర్రాను. మజ్జిగ చెంబెత్తి తాగాను.

గురవమ్మ ముందుకు వంగింది. "ఎట్లుందిమ్మే?"

భయంలో మనిషికి నిజమే ముందు వస్తుంది. "ముక్క బాగనే ఉడికిందమ్మా. ఉప్పు పిసరంత తక్కువాయ" అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. మొగుడు పోయిన నాటి నుంచి ఆ ముఖం బిగుసుకునే ఉందని తర్వాత రషీదా చెప్పింది. ఆ ముఖమే కొంచెం సడలింది.

"విషం కలిపినోళ్లు ఉప్పు తక్కువని చెప్పుకోరులే" అంది. "ఆకులెయ్యండప్పా."

బల్ల మీద నుంచి దిగి నా పక్కనే నేల మీద కూర్చుంది. కొండప్ప వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. గడ్డిబండి దగ్గరికి పోయినవాళ్లు ఉత్తచేతులతో తిరిగి వచ్చారు. నేను లేచి తడిక వెనక్కి వెళ్లి ఒక గుప్పెడు ఉప్పు తెచ్చి డేగిసాలో వేశాను. దాచేదేముంది ఇక? అందరి ముందే వేశాను.

తిరుగు బస్సు ముద్దనూరు దాటింది.

"ఉప్పు తక్కువని ఎందుకు చెప్పినావు?" అన్నాడు ఆయన.

"తక్కువై ఉండె గదా."

"నాకు వాసనకే తెలిసె."

"మరి అప్పుడే చెప్పింటే ఏం?"

"నువ్వు చూసినాక నేనేం చెప్పేది" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ వార్త మాకంటే ముందే ఊరికి చేరింది. "పెండ్లాం వంట బాషా" అని పేరు పెట్టారు. జమాల్ నా ముందే ఒకసారి ఆ మాట జారి నాలుక కరుచుకున్నాడు. మా ఆయన నవ్వుతూ వినేవాడు, ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కునేవాడు. వచ్చే ఏడు పెళ్లిళ్లకు కబురు ఎవరూ పంపరేమోనని భయపడ్డాం. పంపారు. కాకపోతే "షాహీదాబీని తోడుకుని రమ్మను" అని పంపారు. అత్త మాత్రం, "నా కొడుకు గరిట పాయ" అని తల కొట్టుకుంది.

బక్రీదు వచ్చింది. మాంసం పంచిపెట్టడం అయిపోయాక, అత్త ఒక గిన్నె తెచ్చి కొడుకు ముందు పెట్టింది. తెల్లగా, చిక్కగా, సేమ్యా తేలుతూ ఉంది. ఆయన తలెత్తి చూశాడు.

"బర్రెవి కాదులే" అంది అత్త. "టెంకాయ కోరి పిండినా. మట్టిలోంచి మొలిచిందే గదా అది?"

ఆయన ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు.

"బాగలేదు గదా?" అంది.

"బాగలేదమ్మా" అని గిన్నె నాకినట్టు ఖాళీ చేశాడు. అత్త ఖాళీ గిన్నె పట్టుకుని దొడ్లోకి పోయి ఏడ్చింది. ఈసారి నాకు ఎవరి మీదా కోపం రాలేదు.

ఇవన్నీ జరిగి చాలా కాలమైంది. జయరామయ్య లేడు, అత్త లేదు. మా ఆయన మళ్లీ మాంసం ముట్టలేదు, పాలు ముట్టలేదు. మధ్యలో రెండుసార్లు వేలు వాచింది. "చూడు, తినకపోయినా వచ్చె" అన్నాను. "తినింటే ఇంగా ఎక్కువ వచ్చేది" అన్నాడు. ఇద్దరం గెలిచాం. పెళ్లిళ్లలో తడిక అవతల పొయ్యి ముందు నేను నిలబడితే, ఇవతల రషీదా పక్కన కూర్చుని ఆయన ఉల్లిగడ్డలు ఒలిచేవాడు. నాకంటే సన్నగా తరుగుతాడు.

నిరుడు మాఘమాసంలో నా కుడికాలి బొటనవేలు వాచింది. డాక్టరు మారాడు గానీ మాట మారలేదు. ఆయన పొద్దున్నే బూడిదగుమ్మడి రసం తీసి గిన్నెలో తెచ్చాడు.

"నాకొద్దు పో" అన్నాను. "నేను గూడా పథ్యం పడితే వంటలో ఉప్పు ఎవరు చూస్తారు? రేపు వారం పులివెందుల పెండ్లి ఉండాది."

ఆయన గిన్నె పట్టుకునే గోడకు చెయ్యి ఆనించాడు. "నేను చూస్తాలే" అన్నాడు.

తమాషాకు అన్నాడేమోనని ముఖం చూశాను. తమాషా కాదు. కన్నతల్లి ఇచ్చిన గిన్నె వద్దన్న మనిషి, రెండు వీధుల ముందు ఆకు మీద నుంచి లేచిన మనిషి. ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, నా వేలినే చూస్తున్నాడు.

గిన్నె లాక్కుని గుటగుటా తాగేశాను.

"నువ్వేం చూడొద్దు. రషీదా చూస్తాది" అన్నాను.

రషీదా ఎప్పుడూ ఉప్పు పిసరంత తక్కువే వేస్తుంది. వెయ్యనీ.